మోటారుసైకిలు నూనె: ఇల్లాలు తెలిసికొనదగిన సంగతులు

మన అవ్వల కాలమున ఇంటింట ఆముదపు సిద్దె యుండెడిది. తలకు రాచుకొనుటకు ఆముదమే, దీపమునకు ఆముదమే, పసిబిడ్డకు కడుపుబ్బినపుడు ఆముదమే. ఎడ్లబండి ఇరుసునకును ఆముదమే. ఎండుగడ్డిని కాల్చి, ఆ మసిని ఆముదముతో కలిపి నూఱి కందెన చేసెడివారు. బండి సంతకు బయలుదేరుటకు ముందు కడచీల ఊడదీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసునకు కందెన పూయుట ఒక నియమము. కందెన లేని బండి కీచుమని ఆ సంగతిని ఊరందఱికి చాటెడిది. ఏ నూనె దేనికి పనికివచ్చునో, ఎంత చిక్కగా నుండవలెనో, ఎన్నాళ్ళ కొకసారి వేయవలెనో ఆనాటి ఇల్లాండ్రకు ఒకరు చెప్పనక్కఱ లేదు. కుట్టుమిషనునకు వేయు పలుచని నూనెను బండి ఇరుసునకు పూసినవారు లేరు. కందెన తెచ్చి కుట్టుమిషనులో వేసినవారును లేరు.

ఇప్పుడు ఎడ్లబండి పోయి వాకిట మోటారుసైకిలు నిలిచినది. దాని పొట్టలోనికి ఏ నూనె పోయుచున్నారో ఆ ఇంటిలో నెవ్వరికిని తెలియదనిన అతిశయోక్తి కాదు. "అది మగవారి వ్యవహారము" అని మనము ఊరకుందుము. మగవారు "మెకానిక్కునకు తెలియదా" అని ఊరకుందురు. మెకానిక్కు తన షెడ్డులో అప్పటికి తెఱచియున్న డబ్బానుండి పోయును. డబ్బు మాత్రము పాల లెక్క, పచారీ లెక్క వ్రాసికొను మన పుస్తకమునుండియే పోవును. ఇంజిను చెడి బండి నెలరోజులు షెడ్డులో పడియున్నచో, పిల్లవానిని బడికి దింపుటకు ఆటోవాని కిచ్చు పైకమును మన లెక్కలోనిదే. కావున సోదరీమణులు దీనిని గూర్చి కొంత తెలిసికొనుట వ్యర్థము కాదని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నాయుడుపేట స్వర్ణముఖి యొడ్డున, చెన్నపట్నమునుండి కలకత్తా పోవు జాతీయ రహదారిమీద నున్న యూరు. శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి పోవు రహదారియు నిచ్చటనే చీలును. 2022వ సంవత్సరమున జిల్లాలను విభజించినపుడు ఇది నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరినది. తెల్లవాఱక మునుపే పాలక్యానులు కట్టుకొనిన బండ్లు పోవును. ఆ వెనుక మేనకూరు పారిశ్రామికవాడకు పనికి పోవువారి బండ్లు. ఎనిమిది గంటలకు ముందొక బిడ్డ, వెనుకొక బిడ్డగా బడికి పోవు బండ్లు. ప్రొద్దెక్కిన పిమ్మట ఎరువుల మూటను నడుమ బెట్టుకొని పల్లెలకు మరలు రైతుల బండ్లు. ఇక్కడికి దక్షిణముగా సత్యవేడు ప్రాంతమున హీరో కంపెనీవారు 2018లో శంకుస్థాపన జరిపి మోటారుసైకిళ్ళ కర్మాగారమునే నెలకొల్పిరి. బండ్లు తయారగు చోటికి ఇంత చేరువ నుండియు వాని నూనె సంగతి మాకు తెలియకపోవుట విడ్డూరము. నాకును తెలియదు. తెలిసినది డబ్బు పోయిన తరువాతనే.

మూడేండ్ల క్రిందట మా వారు బండికి ఆయిలు మార్పించుటకు పోయినపుడు ఒక అంగడిలో "ఇది కారులో పోసెడి మేలైన సింథటిక్ ఆయిలు, వెల హెచ్చు గాని బండి వెన్నవలె పోవును" అని చెప్పిరి. హెచ్చు వెల పెట్టిన మేలైనదే వచ్చునని మా ఇద్దఱి నమ్మకము. పోయించితిమి. పది పదునైదు దినములు నిజముగానే మెత్తగా నడచినది. ఇరుగుపొరుగులకు కూడ చెప్పుకొంటిమి. ఆ పిమ్మట ఒక శనివారము మ్రొక్కు చెల్లించుటకు తిరుమల బయలుదేఱితిమి. శ్రీకాళహస్తి దాటి తిరుపతివఱకు ఏ లోపమును కనబడలేదు. అలిపిరి దాటి ఘాటు రోడ్డు ఎక్కనారంభించిన తరువాత చిత్రము మొదలైనది. ఇంజిను గొంతు చించుకొని అఱచుచున్నది, చక్రము మాత్రము తిరుగుటకు బద్ధకించుచున్నది. యాక్సిలరేటరు తిప్పినకొలది ధ్వని హెచ్చెనే గాని వేగము హెచ్చలేదు. ఏదో మాడిన వాసన. రెండు మూడు మలుపులలో నిలిపి, చల్లార్చి, మొదటి గేరులోనే ఎట్లో కొండమీదికి చేరితిమి. స్వామి దర్శనములో కూడ నా మనస్సు బండిమీదనే యున్నది. అపచారమే, ఏమి చేయుదును!

మఱునాడు కొండ దిగి తిరుపతిలో ఒక మెకానిక్కునకు చూపితిమి. ఆతడు నూనె కొంచెము వ్రేలితో తీసి రాచి చూచి, మా వారితో గాక నాతో "ఏమమ్మా, దీనికి కారాయిలు పోసినారా యేంది?" అనెను. అప్పుడు ఆతడు చెప్పినదియు, ఇంటికి వచ్చిన పిమ్మట బండితో ఇచ్చిన పుస్తకమును అలమారలో వెదకి చదివినదియు, తరువాత కొంత విచారించి తెలిసికొనినదియు కలిపి యిచ్చట వివరింతును.

కారులో ఇంజినునకు ఒక నూనె, గేర్లపెట్టెకు వేఱొక నూనె. వాని క్లచ్చి సాధారణముగా పొడిగా వేఱు గదిలో నుండును. మోటారుసైకిలు చిన్న సంసారము. అన్నియు ఒకే కప్పు క్రింద కాపురము చేయవలెను. ఇంజిను, గేర్లు, క్లచ్చి, ఈ మూడింటికిని తఱుచుగా ఒక్క నూనెయే. అందు ఇంజినునకు రాపిడి తగ్గింపవలెను. గేర్ల పండ్లు ఒండొంటిని నలుపుకొనుచుండగా వాని నడుమ నూనెపొర చిరిగిపోకుండ నిలువవలెను. క్లచ్చికి మాత్రము రాపిడి యుండవలెను. ఇచ్చటనే చిక్కు. క్లచ్చి యనునది అప్పడముల దొంతరవంటి పలుచని పలకల దొంతర. ఒక పలక ఇంజినుతో తిరుగును, దాని ప్రక్కది గేర్లతో తిరుగును, మరల నొకటి ఇంజినుతో, ఇట్లు. స్ప్రింగులు వానిని గట్టిగా నదిమి పట్టినపుడు అన్నియు నొకటై తిరిగి ఇంజిను బలమును చక్రమునకు అందించును. మనము ఎడమచేతి పిడి నొక్కినపుడు ఆ పట్టు వదలును. ఈ పలకలు నూనెలో తడిసియే యుండును. తడిసియున్నను జాఱరాదు.

కారు నూనెలలో పెట్రోలు పొదుపు కొఱకై రాపిడిని మిక్కిలి తగ్గించు మందులు కలుపుదురు. కారునకు అవి మేలు. అదే నూనె మోటారుసైకిలులో పోసినచో ఆ మందు క్లచ్చి పలకలకు పట్టి, నూనె చేతితో చెంబు పట్టుకొనినట్లు పట్టు జాఱును. సమతలమున తెలియదు, ఎత్తు ఎక్కునపుడు, బరువు మోయునపుడు తెలియును. జాఱిన పలకలు వేడెక్కి మాడును. మాకు ఘాటు రోడ్డులో వచ్చిన వాసన అదియే.

ఈ చిక్కును తీర్చుటకై జపాను దేశపు మోటారు ప్రమాణముల సంస్థవారు మోటారుసైకిళ్ళ నూనెకు ప్రత్యేకముగా 1998లో ఒక గుఱుతు ఏర్పఱచిరి. డబ్బామీద "జాసో" అను ఇంగ్లీషు మాట, దాని ప్రక్క రెండక్షరములు చిన్నవిగా నుండును. "ఎం.ఏ." అని యున్నచో ఆ నూనెలో క్లచ్చి జాఱదు. అందే "ఎం.ఏ. 1", "ఎం.ఏ. 2" అను భేదములు తరువాత వచ్చినవి, రెండవది ఇంకను గట్టిపట్టు. "ఎం.బి." అని యున్నచో అది రాపిడి తక్కువైన నూనె. ఇది గేర్లు మార్చనక్కఱ లేని స్కూటర్లకు. వానిలో బెల్టుతో నడచు ఏర్పాటుండి, క్లచ్చి పొడిగా వేఱుచోట నుండును గనుక నూనె జాఱుడైనను బాధ లేదు, పెట్రోలు కొంచెము కలిసివచ్చును.

మన ఇండ్లలో ఇప్పుడు ఆయనకు మోటారుసైకిలు, ఆమెకు స్కూటరు ఉండుట సామాన్యము. రెండింటికిని ఒకే డబ్బా తెచ్చి పంచుట పొదుపని కొందఱు తలతురు. ఎం.ఏ. నూనెను స్కూటరులో పోసిన ప్రాణాపాయము లేదు, మైలేజి ఒక రవ్వ తగ్గవచ్చును. స్కూటరు నూనెను మోటారుసైకిలులో పోసిన మాత్రము క్లచ్చి జాఱును. అంగడిలో రెండు డబ్బాలును ఒకే రంగులో, ఒకే కంపెనీ పేరుతో ప్రక్కప్రక్కల నిలిచియుండును. ఆ ఒక్క యక్షరమే భేదము.

ఇక చిక్కదనము. పాకము పట్టిన చేతికి దీనిని నేర్పుట సులభము. లేతపాకము, తీగెపాకము, ముదురుపాకము అని మనము చెప్పుకొనినట్లే నూనెకు అంకెలున్నవి. అమెరికా దేశపు మోటారు ఇంజినీర్ల సంఘము 1911లో మొదటిసారి నూనెలను చిక్కదనమును బట్టి తరగతులుగా ఏర్పఱచినది. ఇప్పుడు డబ్బామీద 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40, 20డబ్ల్యు-50, 15డబ్ల్యు-50 అని కనబడును. డబ్ల్యు అనగా శీతకాలమునకు ఇంగ్లీషు పేరులోని మొదటి యక్షరము. దాని ముందరి అంకె చలిలో నూనె ఎంత సులభముగా కదలునో తెలుపును. చిన్న అంకె యైన సులభముగా కదలును. వెనుకటి అంకె ఇంజిను వేడెక్కినపుడు, నూఱు డిగ్రీల వేడిలో, ఎంత చిక్కగా నిలుచునో తెలుపును; పెద్ద అంకె యైన చిక్కన. ఈ అంకెలు డిగ్రీలు కావు, ధరలు కావు, మార్కులును కావు. యాభై ముప్పదికంటె గొప్పదని తలచి కొనువారిని నేను స్వయముగా చూచియున్నాను.

పాకము వేడిగా నున్నపుడు జాఱుగా నుండి చల్లాఱిన గట్టిపడును గదా. నూనెయు నంతే. ఆ స్వభావమును కొంత అదుపులో నుంచుటకు పొడుగాటి గొలుసులవంటి యణువులు గల పదార్థములను నూనెలో కలుపుదురు. అవి వేడిలో నూనె మఱీ పలుచబడకుండ కాపాడును. అయితే మోటారుసైకిలులో గేర్ల పండ్ల నడుమబడి ఆ గొలుసులు క్రమముగా తెగిపోవును. క్రొత్తలో నలుబదిగా నున్న నూనె కొన్నివేల కిలోమీటర్లకు అంతకంటె పలుచనగును. నూనె నల్లబడినంత మాత్రమున చెడినట్లు కాదు. మసిని తనలో పట్టియుంచుట దాని విధి, గుడ్డ మాసినదనిన తుడిచిన దని యర్థము. కాని గొలుసులు తెగిన సంగతి రంగు చూచి తెలియదు. అందువలననే కిలోమీటర్ల లెక్క ప్రకారము మార్చవలెను.

మా ప్రాంతమున మే నెలలో అగ్నికార్తె ఎండలు నలుబది డిగ్రీలు దాటును. "మన ఎండకు పలుచని ఆయిలు ఆగునా అమ్మా, చిక్కనిది పోయించుము" అని చెప్పువారు కలరు. వినుటకు సబబుగానే యుండును. కాని ఇంజిను లోపలి వేడి ఎట్లును నూఱు డిగ్రీల చుట్టుప్రక్కల నుండునది. బయటి ఎండ ఆ లెక్కలో కొంచెమే. గాలికి చల్లాఱు ఇంజినులకు ఎండ కొంత భారమే యైనను, బండి చేసినవారికి మన యెండ తెలియనిది కాదు; వారు ఆ లెక్క వేసియే నూనె నిర్ణయింతురు. వారు పలుచని నూనె కని సన్నని దారులు ఏర్పఱచిన ఇంజినులో చిక్కని నూనె పోసిన, తెల్లవాఱి బండి తీసినపుడు నూనె పైభాగమునకు చేరుట కాలస్యమగును. ఆ కొద్ది క్షణములలోనే లోహమునకు లోహము తగిలి అరుగుట హెచ్చు. పెట్రోలును ఎక్కువ త్రాగును. చిక్కని నూనెకై చేసిన ఇంజినులో పలుచనిది పోసిన నూనెపొర చిరిగి మోత పుట్టును. కొన్ని బండ్ల పుస్తకములలో రెండు రకములు వ్రాసియుందురు. అట్టిచోట ఎండలకు చిక్కనిది ఎన్నుకొన్న తప్పు లేదు.

ఉదాహరణకు మన వీథులలో తిరుగు బండ్లను చూడుడు. స్ప్లెండరునకు 10డబ్ల్యు-30 చెప్పుదురు. పల్సరు 150కి 20డబ్ల్యు-50. ఇప్పటి బుల్లెట్టునకు 15డబ్ల్యు-50, ఎం.ఏ. 2. యాక్టివా స్కూటరునకు 10డబ్ల్యు-30, ఎం.బి. ఒకే యేటి బండ్లైనను, ఒకే వీథిలో తిరుగునవైనను నూనె వేఱు. ఒకే పేరు గల బండికి సైతము కాలము మాఱినకొలది కంపెనీవారు నూనె మార్చవచ్చును గనుక, నే వ్రాసినదానిని గూడ ప్రమాణముగా గొనక మీ బండి పుస్తకమునే చూడవలెను. పుస్తకము పోయినదా? ఆ కంపెనీ సర్వీసు సెంటరులో బండి పేరు, కొనిన సంవత్సరము చెప్పి అడిగిన చెప్పుదురు.

డబ్బామీద ఇంకొక గుఱుతు "ఏ.పి.ఐ." అని, అనగా అమెరికా పెట్రోలియము సంస్థది. దాని ప్రక్క ఎస్.జె., ఎస్.ఎల్., ఎస్.ఎం., ఎస్.ఎన్. అని రెండక్షరము లుండును. మొదటి "ఎస్" పెట్రోలు ఇంజినుల నూనె కని గుఱుతు. రెండవ యక్షరము ఇంగ్లీషు అక్షరమాలలో ముందుకు పోయినకొలది నూనె తరగతి క్రొత్తది. ఎస్.ఎన్. 2010లో, ఎస్.పి. 2020లో వచ్చినవి. పుస్తకములో చెప్పిన యక్షరముగాని దానికి తరువాతిది గాని కొనవచ్చును, వెనుకటిది కొనరాదు. కాని ఈ యక్షరము ఎంత క్రొత్తదైనను ప్రక్కన జాసో ఎం.ఏ. లేనియెడల మోటారుసైకిలునకు పనికిరాదు. మాకు అంగడిలో పోసిన నూనె తరగతి ఎస్.ఎన్.; ఎంతో మేలైనదే. మేలైనదే గాని మనది కాదు.

"సి" అక్షరముతో మొదలగు గుఱుతులు డీజిలు ఇంజినులవి. దీనిని గూర్చి రైతుకుటుంబముల స్త్రీలకు ముఖ్యముగా చెప్పవలెను. ట్రాక్టరు కొఱకు తెచ్చిన పెద్ద డబ్బా కొట్టములో నుండును. అందులోనుండి ఒక లీటరు తీసి మోటారుసైకిలులో పోయుట మా పల్లెలలో చిరకాలపు వాడుక. "ట్రాక్టరు లాగగలిగినది దీనిని లాగలేదా" అని వాదము. ట్రాక్టరు ఇంజిను నెమ్మదిగా తిరుగును. మోటారుసైకిలు ఇంజిను నిమిషమునకు ఏడెనిమిది వేల చుట్లు తిరుగగలదు. డీజిలు మసిని కడుగుటకై ఆ నూనెలో చేర్చు మందుల మోతాదును వేఱు. నూటికి తొంబది పాళ్ళు బండి వెంటనే చెడదు. అందువలననే ఆ వాడుక నిలిచినది. కాని కొన్ని వందల రూపాయలు మిగుల్చుకొని, ఇంజిను ఆయుస్సును తెలియకుండ తగ్గించుకొందుము. డబ్బామీద ఎం.ఏ. గుఱుతు లేకున్న దానిని ట్రాక్టరునకే యుంచుట మేలు.

మినరల్, సెమీ సింథటిక్, సింథటిక్ అను మూడు రకములను గూర్చి అంగడివారు చాల చెప్పుదురు. మొదటిది ముడి చమురును శుద్ధి చేసి తీసినది. మూడవది రసాయన క్రియలచే అణువులను ఒక తీరుగా అమర్చి చేసినది. రెండవది ఆ రెండింటి కలగలుపు. సింథటిక్ వేడికి ఎక్కువ ఓర్చును, నెమ్మదిగా పాతబడును. వెలయు రెట్టింపు, కొన్నిచోట్ల అంతకు మించి. పెద్ద ఇంజిను, దూరప్రయాణము, రోజంతయు సరకులు చేరవేయు పని యైన దానివలన లాభము కలదు. బడికి, బజారునకు, పొలమునకు తిరుగు చిన్న బండికి పుస్తకములో కోరనియెడల అక్కఱ లేదని నా యభిప్రాయము. ఆ మిగిలిన పైకముతో మామూలు నూనెనే వేళకు మార్పించిన బండి సుఖపడును. సింథటిక్ పోసితిమి గదా యని ఏడాదిన్నర దానినే నడపువారికంటె, చవుక నూనెను గడువునకు మార్చువారే తెలివైనవారు.

గడువు ఎంత? బండిని బట్టి మూడువేల కిలోమీటర్లనుండి పదివేలవఱకు చెప్పుదురు. క్రొత్తబండికి మొదటిసారి కొన్ని వందల కిలోమీటర్లకే మార్చవలెను. క్రొత్త లోహము ఒరసికొని రాలిన పొడి అందు చేరియుండును. బండి తిరుగక మూలనున్నను ఏడాది కొకసారి మార్చుట మంచిది. నేను గ్యాసు బండ తెచ్చిన తేది క్యాలెండరుమీద వ్రాసికొనునట్లే, నూనె మార్చిన దినమున మీటరులోని అంకెను వ్రాసి, దానిప్రక్క మరల మార్చవలసిన అంకెను వ్రాయుదును. నూనె గుఱుతులను మూడింటిని, చిక్కదనపు అంకె, ఏ.పి.ఐ. అక్షరములు, జాసో అక్షరములు, అలమార తలుపు లోపలివైపున వ్రాసి అంటించితిని. మా అబ్బాయి ఫోనులో ఫోటో తీసియుంచినాడు. ఇప్పుడు అంగడికి ఎవరు పోయినను పొరపాటు లేదు.

కొనునపుడు మూత బిగువుగా, ముద్ర చెడకుండ నున్న డబ్బానే కొనవలెను. పేరుమోసిన నూనెల పాత డబ్బాలలో చౌకనూనె నింపి అమ్ము మోసము మన దేశమున కొత్తది కాదు. అందుచేత కంపెనీలు మెఱయు ముద్రలు, ఫోనుతో పరీక్షించు గడుల గుఱుతులు పెట్టుచున్నవి. నూనెను మన కన్నులయెదుట తెఱచి పోయించుకొని, ఖాళీ డబ్బాను అచ్చటనే చిల్లు పొడిచి పాఱవేయుమనుడు. మంచి డబ్బా, మూతతో సహా షెడ్డులో మిగిలెనా, అది మరల అమ్ముడుపోవు డబ్బా. పీపాలోనుండి కొలపాత్రతో తీసి పోయు నూనె ఎచ్చటిదో చెప్పువారు లేరు. కొలతయు ముఖ్యమే. చిన్న బండ్లకు చాలవఱకు లీటరునకు కొంచెము తక్కువ పట్టును. "డబ్బా మిగులనేల" అని అంతయు వంచుట తప్పు; ఎక్కువైన నూనె లోపల నురగలు క్రక్కి, సీలులనుండి కారును.

ఇంటిలోనే నూనె మట్టము చూచుట పప్పు ఉడికినదో లేదో చూచుటకంటె కష్టము కాదు. బండిని సమమైన నేలమీద నడిమి స్టాండు వేసి నిలుపవలెను. మూడు నాలుగు నిమిషములు నడిపి ఆపి, మరల రెండు మూడు నిమిషములు ఆగినచో నూనె క్రిందికి దిగును. ఇంజిను ప్రక్కనున్న మూతను విప్పిన దానికే పుల్లవంటిది అంటియుండును. దానిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, చాలవఱకు బండ్లలో మరల త్రిప్పి బిగింపకయే లోపల ఉంచి తీయవలెను. పుల్లమీద రెండు గీతలుండును. నూనె తడి ఆ రెండింటి నడుమ నుండవలెను. క్రింది గీతకు దిగినచో అదే రకపు నూనెను కొంచెము పోయవలెను. కొన్ని బండ్లకు పుల్లకు బదులు చిన్న గాజుకిటికీ యుండును. దానిలో చూచిన చాలును. సైలెన్సరు కాలకుండ చీర కుచ్చిళ్ళు దోపుకొనుట మఱువరాదు. నెల కొకసారి చాలును. నూనె తగ్గుటయే ఇంజిను బిగిసిపోవుటకు మొదటి కారణము. నూనె చిక్కదనమును గూర్చి వాదించు పెద్దమనుష్యులు చాలమంది ఈ పుల్లను జన్మలో తీసి చూడరు.

పుల్లకు అంటిన నూనె తెల్లగా, పాలు కలిసిన కాఫీవలె నున్నచో లోపల నీరు చేరినదని తెలియవలెను. ఇది మా వంటి ప్రదేశముల వారికి కావలసిన సంగతి. ఈశాన్య ఋతుపవనపు వానలు, తుపానులు మాకు ప్రతియేటి చుట్టములు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినపుడు నది పొడుగున ఎన్నియో యూళ్ళు నీట మునిగినవి. అట్లు మునిగిన బండిని నీరు తీసినవెంటనే "పనిచేయునా లేదా" యని సెల్ఫు నొక్కి చూచుటయే పెద్ద పొరపాటు. నీరు కలిసిన నూనెకు జిగట యుండదు. ఇంజిను సిలిండరులో నీరు నిలిచినచో ఒక్క తిప్పుతో కనెక్టింగు రాడ్డు వంగిపోవచ్చును. బండిని త్రోసికొనిపోయి, పాత నూనెను పూర్తిగా దింపి, క్రొత్తది పోసి కొంచెము నడిపి, దానిని కూడ దింపి మరల పోయించినగాని శుభ్రము కాదు. రెండు డబ్బాల నూనె ఖర్చే. ఇంజిను విప్పుటతో పోల్చిన చాల స్వల్పము.

ఇంకను కొన్ని యిండ్లలో పాత ఎక్స్‌ఎల్ బండ్లు, ఆర్.ఎక్స్. 100లు ఉన్నవి. వానిలో ఇంజిను నూనె పెట్రోలుతో కలిసి కాలిపోవును. దానికి "టూ టి" అను నూనె వేఱు. ఒకదాని కొకటి బదులు పోయరాదు. కరెంటు బండి కొనినవారికి ఈ వ్యాసములో సగము పని లేదు.

ఆముదము మాట మొదట చెప్పితిని. ఇంగ్లండులో వేక్‌ఫీల్డు అనునాతడు 1899లో స్థాపించిన నూనెల కంపెనీ 1909లో ఒక క్రొత్త ఇంజిను నూనెను చేసి, అందు ఆముదము చేర్చి, ఆముదపు ఇంగ్లీషు పేరైన కాస్టర్ అను మాటనుండియే దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టెను. మొదటి ప్రపంచయుద్ధమున ఎగిరిన విమానములలో అనేకము ఆముదము త్రాగియే ఎగిరినవి. మన అవ్వల కందెనకును ఆ విమానములకును చుట్టఱికము కలదన్నమాట. వేడిలో ఆముదము జిగురుగట్టి ఇంజినులో అంటుకొనుట చేత తరువాత ఖనిజపు నూనెలే నిలిచినవి. నేటి బండిలో ఆముదము పోయుదమని ఎవరును సాహసింపకుందురు గాక!

కందెనకు లేని దోషము ఈ నూనెలకు కలదు. ఆముదము మట్టిలో కలిసిపోవును. వాడిన ఇంజిను నూనె పోదు. అందు లోహపు పొడి, కాలిన మసి, కాన్సరు కలిగింపగల పదార్థములు చేరియుండును. మా వైపు దానిని దూలములకు చెదలు పట్టకుండ పూయుట, పశువుల పుండ్లకు రాయుట కలదు. పశువులకు రాయుట హాని. చేతికి అంటిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. కాలువలో పోసిన అది స్వర్ణముఖిలోనికి, చెఱువులలోనికి పోవును. ఇక్కడికి కొద్ది దూరముననే నేలపట్టు చెఱువులో ఏటేట గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను లేపును. ఆ నీటిలోని చేపలే వాని ఆహారము, మన ఆహారమును అవియే. ప్రభుత్వము 2016 నియమములలో వాడిన నూనెను అపాయకరమైన వ్యర్థముగా పరిగణించినది. నూనె తయారుచేయు కంపెనీలే దానిని తిరిగి సేకరించి శుద్ధి చేయించవలెనను బాధ్యత 2024 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినది. ఇంటిలో నూనె మార్చినవారు పాతదానిని డబ్బాలో మూత బిగించి సర్వీసు సెంటరున కిచ్చిన, అచ్చటి పీపాలో పోసి శుద్ధి చేయువారికి పంపుదురు.

మా బండి సంగతి చెప్పుట మఱచితిని. తిరుపతి మెకానిక్కు కారు నూనెను దింపి సరియైన నూనె పోసి, "పది దినములు చూడండమ్మా, పలకలు మాడకుంటే పట్టు తిరిగి వస్తుంది" అనెను. మావి అప్పటికే మాడినవి, పలకలు మార్పించవలసివచ్చినది. ఆ నెల దీపావళికి అనుకొనిన చీర అనుకొనినట్లే యుండిపోయినది. గడచిన కార్తికమాసమున అదే బండిమీద మరల తిరుమలకు పోయితిమి. ఘాటు రోడ్డులో ఎచ్చటను నిలుపవలసిన పని కలుగలేదు. ఇంటికి వచ్చి మీటరు చూచి క్యాలెండరుతో సరిపోల్చితిని. నూనె మార్చుటకు ఇంకను నాలుగువందల కిలోమీటర్లున్నవి.